కీబోర్డులో కుడి సగం

పద్మనాభానికి ఆ పేరు తాతగారిది. కావలిలో ఉన్నన్నాళ్లూ అది ఎవరికీ బరువనిపించలేదు గాని, ఆష్‌బర్న్‌లో డేటా సెంటరు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే అమెరికన్లకు నోరు తిరగక సగానికి తుంచేశారు. అప్పట్నుంచి ఆఫీసులో అతను 'పద్మ'. తోటి తెలుగువాళ్లు "ఏం పద్మక్కా, భోజనమైందా?" అని ఏడిపించేవాళ్లు. అతనికి కోపం వచ్చేది కాదు. "బ్యాడ్జీ మీద ఫొటో చూసి పిలవండ్రా, మీసం ఉంది" అనేవాడు.

అతనిలో నలుగురూ చెప్పుకునే విశేషం ఒక్కటే, టైపింగు. తండ్రి కావలి కోర్టు బయట టైపు మిషను పెట్టుకుని బతికిన మనిషి. స్కూలు సెలవుల్లో పద్మనాభం ఆయన పక్కన స్టూలేసుకుని అఫిడవిట్లు కొట్టేవాడు. ఎం.సి.ఏ. రోజుల్లో హాస్టల్లో సగంమంది ప్రాజెక్టు రిపోర్టులు అతని చేతి మీదుగానే బయటపడ్డాయి. డేటా సెంటరులో వేల సర్వర్లు వరసలు వరసలుగా ఉంటాయి. వాటిలో చాలావాటికి బొమ్మలూ కిటికీలూ ఉండవు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలే. మౌసుతో పనిలేదు. ఏం చెప్పాలన్నా వేళ్లతోనే చెప్పాలి. పద్మనాభం వేళ్లు చెబుతుంటే పక్కనున్నవాళ్లు తెర వదిలేసి వేళ్లే చూసేవారు.

ఆ వేళ్లు 2011 ఫిబ్రవరిలో తప్పడం మొదలుపెట్టాయి. కుడిచేతి చిటికెన వేలు ముందు. ఎంటర్ నొక్కితే నొక్కినట్టుండేది గాని పడేది కాదు. సర్వర్ల గదిలో చలి ఎక్కువ కదా, అందుకనుకున్నాడు. తర్వాత ఉంగరపు వేలు. తర్వాత పాల క్యాను మూత తిప్పలేకపోయాడు. మూడేళ్ల కూతురు నైనిక జుట్టుకు రబ్బరుబ్యాండు వేయబోతే అది మూడుసార్లు జారి సోఫా కింద పడింది. నాలుగోసారి నైనికే తండ్రి చేతిలోంచి తీసుకుని "అమ్మా, యూ డూ ఇట్" అంటూ రేణు దగ్గరకు పరిగెత్తింది.

నరాల డాక్టరు చేతినిండా సూదులు గుచ్చి చూశాడు. కండరానికి వెళ్లే నరం ఎండుతోందన్నాడు. ఎందుకు ఎండుతోందన్నది మాత్రం తన దగ్గర తేలదన్నాడు. ఇలా మొదలయ్యే జబ్బులు రెండున్నాయి. ఒకదానికి మందుంది, రక్తంలోకి ఎక్కించుకుంటూ ఉంటే చెయ్యి నిలబడుతుంది. రెండోదానికి లేదు. అది చేతితో ఆగదు, కాళ్లకూ గొంతుకూ ఊపిరికీ వెళుతుంది. ఏదో తేల్చే పరీక్ష బాల్టిమోరులో పెద్దాసుపత్రిలో చేస్తారు. నెలల తరబడి ఆగితే దొరికిన తేదీ మరుసటేడు అక్టోబరు తొమ్మిది.

రేణు తిరుపతిలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసింది. భర్త వీసా మీద వచ్చిన మనిషికి ఇక్కడ ఉద్యోగం చేసే వీల్లేదు గనుక, ఆమె చదువంతా ఇప్పుడు పద్మనాభం చెయ్యి మీదకు మళ్లింది. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు ఇంట్లో ఉంది. ప్రతి ఆదివారం పొద్దున దాన్ని తలుపు గొళ్లేనికి తగిలించి అతనిచేత కుడిచేత్తో లాగించేది. వచ్చిన అంకెను గళ్ల కాగితం మీద చుక్క పెట్టేది. చుక్కలన్నీ కలిపి గీత గీసి, ఆ గీత ఎక్కడ సున్నాను తాకుతుందో స్కేలు పెట్టి చూసి, ఆ కాగితాన్ని బియ్యం డబ్బా వెనక దాచేది. అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆమెకూ తెలుసు. ఆ డబ్బా దగ్గరకు అతను వెళ్లేవాడు కాదు.

ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఆ రోజే. వీసా పోతే దేశం వదలాలి. ఇన్సూరెన్సు పోతే బాల్టిమోరు పరీక్ష పోతుంది. అందుకని చెయ్యి సంగతి ఆఫీసులో తెలియకూడదని ఇద్దరూ అనుకున్నారు. తెలిస్తే తీసేస్తారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లు ఎవర్నీ అడగలేదు కూడా, అడిగితే తెలిసిపోతుంది కదా.

దారి కనిపెట్టింది రేణే. ఆ సర్వర్లను నడిపే లైనక్స్‌లో ఏ కీ నొక్కితే ఏ అక్షరం పడాలన్నది ఒక మామూలు ఫైలులో రాసి ఉంటుంది. దాన్ని తెరిచి మార్చుకోవచ్చు. ఆమె వారంరోజులు కూర్చుని కొత్త అమరిక ఒకటి రాసింది.

"కుడిచేతికి బొటనవేలు బాగానే ఉంది గదండీ. దాంతో కుడివైపు ఆల్ట్ తొక్కిపెట్టండి. తొక్కిపెట్టి ఎడమచేత్తో ఎఫ్ కొట్టండి. జె పడుతుంది. డి కొడితే కె. అద్దంలో చూసినట్టు ఎడమదంతా కుడిది అయిపోతుంది."

"అద్దంలో చూసుకుని గడ్డం గీసుకోవడమే రావడంలా నాకు."

"రెండు వారాలు. నైనిక చెంచాతో తినడం నేర్చుకోలా?"

"దానికి వేళ్లు పెరుగుతున్నాయి రేణూ."

రేణు తెర మీద పడ్డవన్నీ చెరిపేసింది. తర్వాత "మళ్లీ కొట్టండి" అంది.

రెండు వారాలు కాదు, ఆరు వారాలు పట్టింది. మధ్యలో ఇంకో చిక్కు వచ్చింది. పట్టు తప్పిన వేళ్లు కుడివైపు కీల మీద వాలిపోయి అర్థంలేని అక్షరాలు పడేవి. రేణు కుడి సగాన్ని మొత్తం మూసేసింది. ఆ అమరికలో ఉన్నంతసేపూ ఆల్ట్ తప్ప కుడివైపు కీలు ఏం నొక్కినా పలకవు. ఎంటర్‌ని ఎడమ అంచున ఉండే క్యాప్స్ లాక్‌కి మార్చింది. ఎవరైనా వచ్చి అతని కుర్చీలో కూర్చుంటే ఎడమ కంట్రోలూ షిఫ్టూ కలిపి ఒక్క నొక్కు నొక్కితే చాలు, కీబోర్డు మళ్లీ అందరి కీబోర్డు అయిపోయేది.

సర్వర్ల గదిలో మాత్రం ఆ సుఖం లేదు. నెట్‌వర్కులో పలకని యంత్రం ఉంటే, చక్రాల బండి మీద మానిటరూ కీబోర్డూ తోసుకుంటూ దాని దగ్గరకే వెళ్లాలి. అక్కడి నల్లతెర కోసం రేణు అదే అమరికను వేరే రకంగా రాసి పెన్‌డ్రైవులో పెట్టింది. పని మొదలెట్టేముందు ఒక ఆదేశమిచ్చి దాన్ని ఎక్కించాలి, ముగించాక ఇంకో ఆదేశమిచ్చి దించాలి. దించకపోతే ఆ యంత్రాన్ని ఆపి మళ్లీ వేసేదాకా అలాగే ఉండిపోతుంది.

"దించడం మర్చిపోతే?" అని రేణు అడిగింది.

"లుంగీతో ఆఫీసుకు వెళ్తానా?" అన్నాడు పద్మనాభం.

ఎనిమిది నెలలు మర్చిపోలేదు. చలి వంకతో కుడిచెయ్యి జాకెట్టు జేబులోనే ఉండేది. కాఫీ ఎడమచేత్తో, బ్యాడ్జీ ఎడమచేత్తో. వేగం సగానికి సగం తగ్గింది గాని, అతని సగం మిగతావాళ్ల మొత్తంతో సమానం కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. 2012 జూన్‌లో టీము లీడుగా ప్రమోషను కూడా ఇచ్చారు. ఆ సాయంత్రం ఇంటికి కేకు తెచ్చాడు. రేణు కొవ్వొత్తి వెలిగిస్తూ ఏడ్చింది.

సెప్టెంబరు పద్దెనిమిది, మంగళవారం. స్కూలు బస్సులు ఎక్కడున్నాయో తల్లిదండ్రులకు చూపించే ఒక చిన్న సంస్థ సర్వరు పొద్దుట్నుంచీ నెట్‌వర్కులో ఉండనంటోంది. పద్మనాభం మధ్యాహ్నందాకా బండి దగ్గర నిలబడి దాన్ని దారికి తెచ్చాడు. రెండు గంటలకు పాప ప్రీస్కూలు నుంచి ఫోను. నైనికకు జ్వరం నూటరెండు, గంటలోపు వచ్చి తీసుకెళ్లండి. ఉన్నది ఒక్క కారు, అది అతని దగ్గరే ఉంది. లాగౌట్ చేశాడు, పెన్‌డ్రైవు లాగి జేబులో వేసుకున్నాడు, తర్వాతి షిఫ్టుకు వస్తున్న సాయి ప్రియకు ఎదురై "బస్సుల మిషను మీద ఓ కన్నేసి ఉంచమ్మా" అని పరిగెత్తాడు.

సాయి ప్రియది కరీంనగరు. మాస్టర్స్ అయ్యి ఏడాది కాలేదు. స్టూడెంటు వీసా మీద ఉండే పని అనుమతితో ఒక కన్సల్టెన్సీ ద్వారా వచ్చి చేస్తోంది.

మూడు కావస్తుండగా, నైనికను కారు సీటులో కూర్చోబెట్టి ఇంటిదారి పట్టాడో లేదో, సాయి ప్రియ ఫోను చేసింది.

"అన్నా, బస్సులోళ్ల మిషన్ మళ్ల పోయింది. కన్సోల్ కాడ ఉన్న. కీబోర్డ్ పనిచేస్తలేదు."

"చేయడం లేదంటే?"

"సగం చేస్తుంది, సగం చేస్తలేదు. లాగిన్ కాడ రూట్ అని కొడ్తే ఆర్ పడ్తుంది, టీ పడ్తుంది, నడుమల ఓలు పడ్తలేవు. ఎంటర్ గూడ చచ్చింది. కుడి దిక్కు మొత్తం సాఫ్."

పద్మనాభానికి అర్థమైపోయింది. చెప్పాల్సింది రెండే వాక్యాలు. కుడివైపు ఆల్ట్ పట్టుకుని ఎడమచేత్తో కొట్టు. ఎంటర్ బదులు క్యాప్స్ లాక్ నొక్కు. అవి నాలుక చివరిదాకా వచ్చాయి. ఆ వెనకే రాబోయే ప్రశ్న కూడా వినిపించింది. ఇదేం అమరికన్నా, ఎవరు పెట్టిన్రు, ఎందుకు?

"కేబుల్ వదులైందేమో చూడు" అన్నాడు. "ఇంకో కీబోర్డు పెట్టి చూడు."

"పెట్టిన. అదీ గట్లనే ఉన్నది."

"అయితే ఏం ముట్టుకోకు. పది నిమిషాల్లో నేనే వస్తా."

"పాపకు జరం గదన్నా?"

"కార్లోనే ఉంది. వస్తా."

"కస్టమర్ ఇంకో లైన్ల ఒర్రుతున్నడు. బడులు ఇడిచే టైమంట. పవర్ తీసి పెట్టనా?"

"వద్దు."

పవరు లాగితే డిస్కు దెబ్బతినొచ్చని చెప్పలేదు.

వాక్స్‌పూల్ రోడ్డు మీద కారు వెనక్కి తిప్పాడు. రెండు సిగ్నళ్లు దాటాక నైనిక వాంతి చేసుకుంది. కారు పక్కకు ఆపి వెనక తలుపు తీశాడు. పిల్ల దగ్గుతోంది, పట్టీలు విప్పాలి. కారు సీటు మధ్యనుండే ఆ ఎర్ర బటను పిల్లలు నొక్కలేనంత గట్టిగా చేస్తారు. కుడి బొటనవేలితో నొక్కాడు, దిగలేదు. ఎడమచేత్తో నొక్కుతుంటే సీటు కదిలిపోతోంది, కుడిచెయ్యి పట్టి ఉంచలేకపోతోంది. "నాన్నా, ఔట్, ఔట్" అని ఏడుస్తోంది నైనిక. చివరికి మోకాలు సీటుకు ఆనించి, ఎడమ అరచేతి మడమతో గుద్దితే ఊడింది. పిల్లను భుజాన వేసుకుని రోడ్డు పక్క గడ్డిలో నిలబడ్డాడు. కడిగి, తుడిచి, మళ్లీ కూర్చోబెట్టి బయలుదేరేసరికి మూడూ పది దాటింది. ఫోను సీటు కింద రెండుసార్లు మోగి ఆగింది.

అతను వెళ్లేసరికి సాయి ప్రియ పవరు తీసి పెట్టేసింది. "ఆగలేకపోయిన అన్నా. పిల్లలు రోడ్ల మీద ఉన్నరంట, ఆయన ఏడ్సుడొక్కటే తక్కువ." కీబోర్డు ఇప్పుడు బాగానే పనిచేస్తోంది, అన్ని కీలూ. యంత్రం ఆగి లేవడంతో రేణు అమరిక దానంతటదే చెరిగిపోయింది. డిస్కు మాత్రం దెబ్బతింది. ఆ సంస్థ బస్సుల దారుల లెక్కలు రెండు రోజులదాకా తిరిగి రాలేదు. పిల్లలెవరికీ ఏమీ కాలేదు. కొందరు గంటన్నర వీధి చివర నిలబడ్డారు, అంతే.

మర్నాడు మేనేజరు డెబ్రా గదిలో విచారణ. కీబోర్డులు రెండూ తెప్పించి చూశారు, ఏ లోపమూ లేదు. లీడు వద్దన్నాక కూడా పవరు ఎందుకు తీశావని డెబ్రా సాయి ప్రియను అడిగింది. సాయి ప్రియ కుడి సగం పనిచేయలేదని మళ్లీ చెప్పింది. చెప్పి పద్మనాభం వైపు తిరిగి, "అన్నా, నీకు ఫోన్ల చెప్పిన గదా" అంది తెలుగులో.

"చెప్పింది" అన్నాడు పద్మనాభం ఇంగ్లీషులో, డెబ్రాతో. "నాతో అలాగే చెప్పింది." అక్కడితో ఆపేశాడు. అబద్ధమేమీ ఆడలేదు.

ఇంటికొచ్చి రేణుకు అంతా చెప్పాడు. ఆమె క్యాలెండరు దగ్గరకెళ్లి వేలు పెట్టి లెక్కించింది.

"ఇరవై రోజులు. తొమ్మిదో తారీఖు దాకా నోరు విప్పకండి. తర్వాత నేనే వెళ్లి ఆ డెబ్రాకి చెప్తా, నా తప్పని చెప్తా."

"ఆ పిల్ల ఏమవుతుంది?"

"ఆ పిల్లకి వేళ్లున్నాయి" అంది రేణు. అన్న మరుక్షణం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని, మాట వెనక్కి తీసుకోలేదు.

గురువారం సాయి ప్రియ బ్యాడ్జీ పనిచేయడం మానేసింది. ఆమె బల్ల మీద మిగిలిన చిన్న తులసి కుండీని ఎవరో కిటికీ దగ్గర పెట్టారు. పద్మనాభం రోజూ దాన్ని దాటుకుని వెళ్లాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. ఆదివారం రేణు త్రాసు కూడా తీయలేదు.

తర్వాతి బుధవారం డెబ్రా సంఘటన నివేదిక రాయమంది. లీడుగా అతనే రాయాలి. తన కుర్చీలో కూర్చుని, కుడి ఆల్ట్ తొక్కిపెట్టి, ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరమే కొడుతూ పోయాడు. సాంకేతిక నిపుణురాలు కీబోర్డు లోపం గురించి చెప్పిన మాటకు ఆధారం దొరకలేదు, అని రాయాల్సిన చోటికి వచ్చాడు. ఏ అమరిక వల్ల ఆమె మాట ఎవరూ నమ్మలేదో, ఆమె అబద్ధమాడిందనే వాక్యం కూడా ఆ అమరికతోనే కొట్టాలి. సగం కొట్టి ఆగాడు. కుడి వేళ్లు కీల మీద వాలి ఉన్నాయి. ఎంతసేపున్నా తెర మీద ఏమీ పడలేదు. లేచి డెబ్రా గదికి వెళ్లాడు. జేబులోంచి చెయ్యి తీసి ఆమె బల్ల మీద పెట్టాడు.

డెబ్రా అరగంట విన్నది. కళ్లు తుడుచుకుంది. జనవరిలోనే చెప్పి ఉంటే ఒంటిచేతి కీబోర్డు తెప్పించేదాన్ని, మాట వింటే టైపు చేసే సాఫ్ట్‌వేరు పెట్టించేదాన్ని అంది. దానికి చట్టం ఉంది, ఒక ఫారం ఉంది, రెండు పేజీలు. ఆ ఫారం ఇచ్చినవాళ్లని తీసేయడానికి కంపెనీకి హక్కు లేదు. "నీకెవరూ చెప్పలేదా?" అని అడిగింది. తర్వాత గొంతు మారింది. చెయ్యి సంగతి వేరు, ఇది వేరు అంది. కస్టమరు యంత్రం మీద ఎక్కడా నమోదు చేయకుండా బయటి పెన్‌డ్రైవుతో మార్పు చేశావు. ఫోనులో కారణం తెలిసి దాచావు. ఇవి నేను పైకి పంపక తప్పదు.

గురువారం మధ్యాహ్నానికి ఉద్యోగంలోంచి తీసేసినట్టు కాగితం వచ్చింది. అందులో అతని చెయ్యి ప్రస్తావన ఎక్కడా లేదు. ఇన్సూరెన్సు ఈ నెల ముప్పై వరకు ఉంటుందని ఆఖరి పేరాలో ఉంది. ఆ తర్వాత సొంతంగా కట్టుకుని కొనసాగించుకోవచ్చని కూడా ఉంది. ఈ దేశంలో ఉండే హక్కు ఆ మధ్యాహ్నంతోనే అయిపోయిన మనిషికి అది ఎందుకు పనికొస్తుందో లేదు.

ఆ సాయంత్రం సాయి ప్రియకు ఫోను చేశాడు. ఆమె ఇల్లినాయిలో, అరోరాలో ఉన్న పిన్నిగారింట్లో ఉంది. వెనక కుక్కరు కూత వినిపిస్తోంది. పద్మనాభం మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడు. మధ్యలో ఫోను కట్టయిందేమోనని చూసుకున్నాడు కూడా.

"ఒక్క ముచ్చట చెప్తే అయిపోవు గదన్నా" అంది చివరికి. "ఆల్ట్ పట్టుకో అంటే పట్టుకుందును. ఎందుకని గూడ అడుగకపోదును. నువ్వు చెప్పినవంటే నేనెప్పుడన్న అడిగిన్నా?"

పద్మనాభం ఇంకో సంగతి ఎత్తుకున్నాడు.

"డెబ్రాకు చెప్పాను. నీ కన్సల్టెన్సీకి ఉత్తరం రాస్తామన్నారు."

"వాళ్లు నా పేరు ఎప్పుడో తీసేసిన్రు. తొంభై రోజుల్ల ఇంకోటి దొర్కాలె, లేకుంటె ఇంటికే. రోజూ లెక్క పెట్టుకుంటున్న." మళ్లీ తనే, "చెయ్యి ఏమైందన్నరు?" అంది.

"ఇంకా తెలియదు. తొమ్మిదో తారీఖు చెప్తామన్నారు."

"సరే అన్నా. ఉంట."

తొమ్మిదో తారీఖు లేదని అతను చెప్పలేదు.

ఆ నెల ముప్పై ఆదివారం. శుక్రవారం పొద్దున్నుంచీ రేణు బాల్టిమోరు ఆసుపత్రికి ఫోను చేస్తూనే ఉంది. ఎవరైనా మానుకుంటే ఈవేళే పరీక్ష చేస్తారేమోనని. మూడు దాటాక గాని లైను కలవలేదు. కలిశాక అవతలి మనిషి పేరూ పుట్టినరోజూ రాసుకుని, కనుక్కుంటాను ఉండమని పాట పెట్టింది. రేణు ఫోను స్పీకరులో పెట్టి వంటింటి గట్టు మీద ఉంచింది. కారు తాళాలూ రిపోర్టుల కవరూ దాని పక్కనే ఉన్నాయి. బాల్టిమోరు గంటన్నర దారి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ గోడగడియారం వైపు చూడటం లేదు.

జ్వరం తగ్గిన నైనికకు ఆ పాట నచ్చింది. గౌను అంచులు రెండు చేతులా పట్టుకుని గట్టు ముందు గుండ్రంగా తిరుగుతోంది. పాట అయిపోతే ఆగి, మళ్లీ మొదలైతే మళ్లీ తిరుగుతోంది. "నాన్నా, యూ ఆల్సో" అని అతని కుడిచెయ్యి పట్టుకుని లాగింది. పద్మనాభం లేచి రెండు చుట్లు తిరిగి, మళ్లీ కూర్చున్నాడు.

ఐదుకు పది నిమిషాలుండగా పాట ఆగిపోయింది. రేణు గబుక్కున ఫోను చెవికి పెట్టుకుని "హలో" అంది. ఇంకోసారి "హలో" అంది. అవతల ఎవరూ లేరు.

"అమ్మా, అగైన్" అంది నైనిక.

రేణు మళ్లీ నంబరు నొక్కింది.